పలుగురాయిని ఆనుకొని ఉన్న శిల: రామగిరి, జొన్నగిరి, హట్టి

సోమవారం, రామగిరి

ధర్మవరం వైపు నుంచి రామగిరికి వచ్చేవారికి గుట్టల మీద గాలిమరలు దూరం నుంచే కనిపిస్తాయి. నేను చూడవచ్చింది మాత్రం ఆ గుట్టల కిందుగా ఉత్తర దక్షిణాలుగా సాగిపోయే సన్నని శిస్టు (రేకులుగా చీలే శిల) పట్టీని. దానికి రెండు పక్కలా గ్రానైటు, నైస్ శిలలు ఉంటాయి. మధ్యలో ఉన్నవి చాలావరకు ఒకప్పటి లావాలు, తరువాత ఒత్తిడికీ వేడికీ రూపం మారినవి. ఈ పట్టీలో ప్రాచీనులు బంగారం తవ్వారు, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బ్రిటిష్ కంపెనీలు తవ్వాయి, మన కాలంలో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ తవ్వింది. ఇప్పుడు గని మూతపడింది.

బంగారు గని అనగానే అందరి చూపూ పలుగురాయి మీదికే పోతుంది. బంగారం ఎక్కువగా అందులోనే దొరుకుతుంది కాబట్టి అది సహజమే. అయితే వెతికేవాడికి పలుగురాయి కంటే దాన్ని ఆనుకొని ఉన్న పక్కశిలే ఎక్కువ సంగతులు చెబుతుందని నేను గట్టిగా నమ్ముతాను, ఈ ప్రయాణం కూడా ఆ పక్కశిలను రామగిరి, జొన్నగిరి, కర్ణాటకలోని హట్టి అనే మూడు చోట్ల పోల్చి చూడటానికే. భూమి పైపొరలో సగటున టన్ను రాతికి గ్రాములో కొన్ని వేలవ వంతుల బంగారం మాత్రమే ఉంటుంది. తవ్వకానికి పనికివచ్చే ఖనిజంలో కూడా అది టన్నుకు కొన్ని గ్రాములే, అంటే పది లక్షల పాళ్లలో కొన్ని పాళ్లే. పైగా ఆ కొంచెమూ రాయంతటా సమంగా పరుచుకొని ఉండదు, అక్కడో రేణువు ఇక్కడో రేణువుగా ఉంటుంది. ప్రయోగశాలలో కరిగించి పరీక్షించే 30 గ్రాముల పొడిలో ఆ రేణువు పడితే అంకె పెద్దదవుతుంది, పడకపోతే సున్నా వస్తుంది. బంగారాన్ని మోసుకొచ్చిన వేడి ద్రవం అలా కాదు. నీరు, కార్బన్ డయాక్సైడు, గంధకం, పొటాషియం కలిసిన ఆ ద్రవం చీలికలోంచి పైకి పాకుతూ రెండు పక్కల ఉన్న శిలనూ మార్చుకుంటూ పోయింది. ఆ మార్పు బంగారం ఉన్న మేర కంటే ఎన్నో రెట్లు వెడల్పైనది, నిలకడైనది, కొలవడానికి వీలైనది.

రోడ్డు పక్కన, పాత తవ్వకాలకు దూరంగా ఉన్న శిల నల్లని ఆకుపచ్చ రంగులో గట్టిగా ఉంది, సుత్తి దెబ్బకు ఖంగున మోగింది. మారని శిల ఎలా ఉంటుందో తెలియకుండా మారిన శిలను చదవలేం కాబట్టి మొదటి నమూనా అక్కడే తీసుకున్నాను. పాత గుంతల వైపు నడుస్తున్నకొద్దీ రాయి రేకులు రేకులుగా చీలడం మొదలైంది, రంగు వెలిసింది, వేలికి సబ్బులా జారుతూ తగిలింది. ఇంకొంచెం ముందుకు పోతే రాతి ముఖమంతా ఆవగింజంత తుప్పురంగు గుంటలు. అవి ఇనుము, మెగ్నీషియం, కాల్షియం కలిసిన ఆంకరైట్ అనే కార్బొనేటు స్ఫటికాలు ఉండిన చోట్లు. ఎండకూ వానకూ ఆ స్ఫటికాలు కరిగిపోయి ఇనుము తుప్పు మాత్రమే మిగిలింది. విరిచిన తాజా ముఖం మీద పల్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే ఏమీ కాలేదు. చాకుమొనతో గీకి పొడి చేసి మళ్లీ వేస్తే సన్నగా బుడగలు వచ్చాయి. మామూలు కాల్సైట్ అయితే చుక్క పడగానే పొంగుతుంది; ఆంకరైట్‌కు పొడి చేస్తే గాని చలనం ఉండదు.

రాయలసీమ నేలలో ఈ పరీక్షకు ఒక పెద్ద అడ్డంకి ఉంది. వాన తక్కువైన ఈ ప్రాంతంలో భూమిపొరల్లో తెల్లని సున్నపు కంకర పేరుకుంటుంది, రాతి నెర్రెల్లోకీ దిగుతుంది. దాని మీద ఆమ్లం వేసినా పొంగుతుంది, రసాయన పరీక్షలో కాల్షియం, కార్బన్ డయాక్సైడు రెండూ పెరిగి కనిపిస్తాయి. అందుకే నేను కార్బన్ డయాక్సైడును విడిగా చూడను, అణువుల లెక్కలో కాల్షియంతో దాని నిష్పత్తిని చూస్తాను. కార్బొనేటంతా కాల్సైటే అయి, శిలలోని కాల్షియమంతా అందులోకే చేరితే ఆ నిష్పత్తి 1 అవుతుంది. ఇనుము, మెగ్నీషియం కూడా కార్బొనేటుగా మారితేనే అది 1 దాటి 2 వైపు పోతుంది. కంకర చాలావరకు కాల్సైటే కాబట్టి అది నిష్పత్తిని 1 వైపు లాగగలదే తప్ప దాన్ని దాటించలేదు. ఆ గీత దాటిన నమూనాను నిజంగా వేడి ద్రవం తాకిందని ధైర్యంగా చెప్పవచ్చు.

సాయంత్రం ఊళ్లో టీ తాగుతూ, చిన్నతనంలో గనిలో పనిచేసిన ఒక పెద్దాయనతో మాట్లాడాను. "రాయి మెత్తబడి జిడ్డు పట్టిందంటే రీఫు దగ్గరపడినట్టే అనుకునేవాళ్లం సార్" అన్నాడాయన. రీఫు అంటే బంగారం ఉన్న పలుగురాయి పట్టీ. పొద్దున నుంచి నేను సంచుల్లో వేసుకుంటున్నది సరిగ్గా ఆ జిడ్డునే: సెరిసైట్ అనే సన్నని తెల్ల అభ్రకాన్నీ క్లోరైట్ అనే ఆకుపచ్చ ఖనిజాన్నీ.

మంగళవారం, జొన్నగిరి

గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి అశోక శాసనాల దగ్గర కాసేపు ఆగాను. అశోకుని శాసనాల్లో కనిపించే సువర్ణగిరి అనే ఊరు ఈ జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు భావిస్తారు. తొలకరి పడితే వజ్రాల కోసం జనం ఈ చేలల్లోకి వస్తారని తెలుగువారందరికీ తెలుసు, బంగారం సంగతి మాత్రం అంతగా తెలియదు. ప్రైవేటు రంగంలో గని పనులు మొదలైన తరువాతే ఈ ఊరి పేరు ఆ విషయంలో వినిపిస్తోంది.

ఇక్కడ నాకు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. రామగిరిలో చూసింది నల్లని లావా శిల, ఇక్కడ బంగారు పలుగురాళ్లలో చాలా భాగం గ్రానోడయొరైట్‌లో, అంటే గ్రానైటుకు దగ్గరి చుట్టమైన లేత రంగు శిలలో ఉన్నాయి. అదే వేడి ద్రవం ఈ శిలలోకి దూరితే కథ మారిపోతుంది. ఇందులో ఇనుము తక్కువ, ఫెల్‌స్పార్ ఎక్కువ. మారని రాయిలో ఫెల్‌స్పార్ తెల్లగా, పలకలుగా, వెలుతురుకు తిప్పితే తళుక్కుమంటూ ఉంటుంది. ఒత్తిడికి రాయి నలిగి చీలిన చోట ఆ తళుకు పోయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపుతో, పట్టుగుడ్డ మీది మెరుపులాంటి మెరుపు వస్తుంది. ఫెల్‌స్పార్‌లోని సోడియం ద్రవంలోకి వెళ్లిపోయింది, దాని చోటికి ద్రవంలోంచి పొటాషియం వచ్చింది, ఫెల్‌స్పార్ సెరిసైట్ అయింది. ఈ మార్పులో సిలికా కూడా విడుదలవుతుంది. పక్కనే కనిపించే సన్నని పలుగు తీగల్లో కొంత భాగం బయటి నుంచి వచ్చింది కాక, ఈ శిలలోంచే ఊరి వచ్చింది.

దీన్ని అంకెల్లో పట్టుకోవడానికి సోడియాన్నీ పొటాషియాన్నీ అల్యూమినియంతో భాగించి, పరమాణువుల నిష్పత్తులుగా ఒక గ్రాఫులో వేస్తాం. ఆల్బైట్ అనే సోడియం ఫెల్‌స్పార్‌లో సోడియం, అల్యూమినియం సమానం కాబట్టి అది 1 దగ్గర ఉంటుంది. శుద్ధమైన తెల్ల అభ్రకంలో మూడు అల్యూమినియం పరమాణువులకు ఒక పొటాషియం పరమాణువు, సోడియం లేదు. అంటే పొటాషియం నిష్పత్తి 0.33, సోడియం నిష్పత్తి సున్నా. పలుగురాయి ఎంత కలిసినా రెండు సంఖ్యలూ ఒకే మేరకు పలుచనవుతాయి కాబట్టి నిష్పత్తి చెక్కుచెదరదు. మారని గ్రానోడయొరైట్ నుంచి బయలుదేరిన చుక్కల వరుస ఆ 0.33 గురుతు వైపు నడిస్తే అది వేడి ద్రవం చేసిన పని. అదే చుక్కలు సున్నా, సున్నా మూల వైపు జారితే అది ఎండా వానా చేసిన పని, ఎందుకంటే శైథిల్యంలో సోడియం, పొటాషియం రెండూ కొట్టుకుపోయి కేవొలిన్ మట్టి మిగులుతుంది. కంటికి రెండూ తెల్లబడిన రాళ్లే. చేలగట్ల మీద ఏరిన రాళ్లను చూసి మార్పు తీవ్రతను అంచనా వేసేవారు ఈ రెండు దారులనూ విడదీయకుండా మ్యాపులు గీయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇంకొక జాగ్రత్త. నల్లని లావా శిలలో పొటాషియం ఆక్సైడు 2 శాతం వచ్చిందంటే అక్కడ పెద్ద మార్పే జరిగింది; గ్రానోడయొరైట్‌లో ఆ మాత్రం పుట్టుకతోనే ఉండవచ్చు. రామగిరికి పనికొచ్చిన కొలబద్ద జొన్నగిరికి పనికిరాదు.

బుధవారం, దారిలో

ఆదోని మీదుగా రాయచూరు, అక్కడి నుంచి లింగసుగూరు, ఆపై హట్టి. రోజంతా ప్రయాణంతోనే గడిచింది. మధ్యాహ్నం ఆగిన చోట చేతిలో పట్టే ఎక్స్‌రే పరికరంతో నిన్నటి రాళ్లను చూశాను. పొటాషియం, కాల్షియం, టైటానియం, జిర్కోనియం, రుబీడియం, ఆర్సెనిక్ అది చక్కగానే చెబుతుంది. సోడియం చాలా తేలిక మూలకం కాబట్టి దానికి అందదు, జొన్నగిరి గ్రాఫు ప్రయోగశాల అంకెలు వచ్చేదాకా ఆగాల్సిందే.

గురువారం, హట్టి

హట్టి ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. ఇప్పటి హట్టి గోల్డ్ మైన్స్ సంస్థ 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో ఏర్పడింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఇక్కడి మనుషులు నిప్పుతో రాతిని పగలగొట్టుకుంటూ లోతుకు దిగారు. కోలార్ గనులు 2001లో మూతపడ్డాక దేశంలో బంగారం ప్రధానంగా ఇక్కడి నుంచే వస్తోంది. పటంలో కొక్కెంలా వంపు తిరిగి కనిపించే హట్టి మస్కి పట్టీలోని ఈ శిలల వయసు సుమారు 250 నుంచి 270 కోట్ల ఏళ్లు.

అనుమతి ముందే తీసుకున్నందువల్ల పొద్దున్నే హెల్మెట్, క్యాప్‌ల్యాంపు ఇచ్చి మల్లప్ప షాఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లారు. కేజ్ దిగాక గ్యాలరీలో కొంత దూరం నడిచి, రీఫును అడ్డంగా కోసిన ఒక క్రాస్‌కట్‌లో ఆగాం. గోడను నీళ్లతో కడిగించాను. నా వరకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే విలువైన చోటు అదే, ఎందుకంటే నేల మీద తుప్పు, మట్టి, కంకర కప్పేసే వరుస అంతా అక్కడ కొద్ది అడుగుల్లో శుభ్రంగా కనిపిస్తుంది.

మొదట నల్లని ఆంఫిబొలైట్, అంటే రూపం మారిన పాత లావా శిల. హార్న్‌బ్లెండ్ సూదులు చిక్కగా అల్లుకొని ఉంటాయి, గోరు దిగదు. కొంచెం జరిగితే రాయి ఆకుపచ్చబడుతుంది, అది క్లోరైట్, అక్కడక్కడ సెరిసైట్. ఇంకా లోపలికి జరిగితే ఉన్నట్టుండి గోడ గోధుమ కలిసిన నలుపుతో మెరుస్తుంది, ల్యాంపు కదిలించినప్పుడల్లా వేల రేకులు ఒక్కసారిగా వెలుగుతాయి. అది బయోటైట్ అనే నల్ల అభ్రకం. హార్న్‌బ్లెండ్‌కు పొటాషియం తోడైతే బయోటైట్ అవుతుంది, విడుదలైన కాల్షియం కార్బొనేటుగా పక్కనే స్థిరపడుతుంది. ఆ బయోటైట్ మధ్యలో వెండి రంగులో కోణాలు తేలిన ఆర్సెనోపైరైట్ స్ఫటికాలు, కంచు రంగు పిర్రొటైట్; రెండూ ఇనుము, గంధకం ఉన్న ఖనిజాలే. ఆ తరువాతే పలుగురాయి. అదీ ఒకే దిమ్మగా కాక, కాగితమంత పల్చని నల్ల పొరలు మధ్య మధ్య పెట్టి పేర్చినట్టు ఉంటుంది. ఆ పొరలు ద్రవం పీడనానికి చీలిక మళ్లీ మళ్లీ తెరుచుకున్నప్పుడు లోపల చిక్కుకుపోయిన పక్కశిల ముక్కలు. ల్యాంపులు ఆర్పి అతినీలలోహిత దీపం వేయగానే పలుగులో కొన్ని చుక్కలు నీలం కలిసిన తెలుపుతో ప్రకాశించాయి. అది షీలైట్, టంగ్‌స్టన్ ఖనిజం. హట్టిలో బంగారంతో పాటు ఇది కూడా ఉంటుంది.

ఇంత మార్పు పక్కశిలలో జరగడం బంగారానికి యాదృచ్ఛికంగా తోడైన సంగతి కాదు. వేడి ద్రవంలో బంగారం ఒంటరిగా కరగదు, గంధకంతో జతకట్టి బైసల్ఫైడ్ రూపంలో ప్రయాణిస్తుంది. ఇనుము దండిగా ఉన్న ఆంఫిబొలైట్ తగలగానే ద్రవంలోని గంధకాన్ని ఆ ఇనుము లాక్కొని పైరైట్, పిర్రొటైట్, ఆర్సెనోపైరైట్‌గా మారుస్తుంది. మోసే గంధకం పోయాక బంగారం ద్రవంలో నిలవలేదు, అక్కడికక్కడే గట్టిపడుతుంది. పక్కశిల మారడమే బంగారం దిగిపోవడానికి ఒక ముఖ్య కారణం.

శుక్రవారం, కోర్ షెడ్

డ్రిల్లింగులో తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరుసగా పేర్చిన షెడ్డులో పగలంతా గడిపాను. కంటితో చూసిన వరుసకు కొలత ఇవ్వడం ఇక్కడి పని. ఇక్కడే చాలామంది పొరపడే ఒక విషయం ఉంది కాబట్టి దాన్ని వివరంగా చెబుతాను.

ప్రయోగశాల మనకు ఇచ్చేవి శాతాలు. శాతాల మొత్తం ఎప్పుడూ 100 కాబట్టి ఒకటి పెరిగితే మిగిలినవన్నీ తగ్గి తీరాలి, అవి నిజంగా పోయినా పోకపోయినా. చిక్కటి పాలలో నీళ్లు పోస్తే వెన్న శాతం తగ్గుతుంది గాని వెన్న ఎక్కడికీ పోలేదు. శిలలో కూడా సిలికా వచ్చి చేరితే అంతే. కాబట్టి వచ్చిందీ పోయిందీ తేల్చాలంటే కదలని మూలకం ఒకటి కావాలి. టైటానియం, జిర్కోనియం, చాలా సందర్భాల్లో అల్యూమినియం ఈ వేడి ద్రవాల్లో దాదాపుగా కదలవు. 1967లో గ్రెసెన్స్ అనే భూశాస్త్రవేత్త ఈ లెక్కకు సమీకరణాలు ఇచ్చాడు, 1986లో గ్రాంట్ అనే మరో భూశాస్త్రవేత్త దాన్నే ఒక సరళరేఖ గీసి చూసుకునేంత సులువు చేశాడు.

లెక్క తీరు తెలియడానికి గుండ్రటి అంకెలతో ఒక ఉదాహరణ వేసుకుందాం. మారని శిలలో టైటానియం ఆక్సైడు 1.0 శాతం, మారిన శిలలో 0.8 శాతం అనుకుందాం. టైటానియం కదలలేదు కాబట్టి 100 గ్రాముల పాత శిల ఇప్పుడు 125 గ్రాములైంది. ఇక మారిన శిలలోని ప్రతి అంకెనూ 1.25తో గుణించాలి. సిలికా 50 నుంచి 55కు వచ్చిందంటే చూడటానికి 5 మాత్రమే, గుణిస్తే 68.75, అంటే ప్రతి 100 గ్రాముల పాత శిలకూ 18.75 గ్రాముల సిలికా కొత్తగా వచ్చింది. పొటాషియం ఆక్సైడు 0.2 నుంచి 2.4 అయితే గుణించాక 3.0, చేరింది 2.8 గ్రాములు. సోడియం ఆక్సైడు 2.0 నుంచి 1.6కు తగ్గింది, శాతాలను నమ్మినవాడు సోడియం పోయిందని రాసేస్తాడు. గుణిస్తే మళ్లీ 2.0, అంటే ఒక్క రవ్వ కూడా పోలేదు. అల్యూమినియం 14 నుంచి 11.2 అయినా అంతే, గుణిస్తే 14. టైటానియంతో వేసిన లెక్కను అల్యూమినియం కూడా బలపరిచింది కాబట్టి ఆధారం గట్టిదే. మిగిలిన సుమారు మూడున్నర గ్రాముల పెరుగుదలలో ప్రధానంగా గంధకం, కార్బన్ డయాక్సైడు, నీరు ఉంటాయి.

ఈ లెక్కకు ముందు ఇంకో మెట్టు ఉంది, నా దృష్టిలో అదే అన్నిటికంటే ముఖ్యం. పోలుస్తున్న రెండు ముక్కలూ ఒకే శిల నుంచి పుట్టాయా? లావాలు పొరలు పొరలుగా పడ్డ చోట పక్కపక్కనే వేర్వేరు కూర్పుల శిలలు ఉంటాయి. టైటానియం, జిర్కోనియం రెండూ కదలనివి కాబట్టి వాటి నిష్పత్తి మార్పు వల్ల చెదరదు. కోర్ వెంట మీటరు మీటరుకూ చేతి పరికరంతో ఆ నిష్పత్తిని చూసుకుంటూ పోయాను. అది స్థిరంగా ఉన్నంత మేర ఒకే శిల. తటాలున మారిన చోట గీత గీసి, అవతలి ముక్కలకు వేరే మారని నమూనా వెతకాలి. ఈ పని చేయకుండా లావా పొర మారడాన్నే వేడి ద్రవం చేసిన మార్పుగా పొరబడి, లేని చోట బంగారాన్ని ఊహించే ప్రమాదం ఉంది.

షెడ్డులోని ఒక కోర్‌లో బంగారం దాదాపుగా లేదు. డ్రిల్ రీఫును తాకకుండా పక్క నుంచి పోయింది. అయినా కోర్ చివరి భాగంలో పొటాషియం, దాని వెంట రుబీడియం క్రమంగా పెరుగుతూ వచ్చాయి, ఆర్సెనిక్ లేచింది, టైటానియం, జిర్కోనియం నిష్పత్తి మాత్రం అలాగే ఉంది. బంగారం అంకె ఒక్కటే చూసేవాడు ఆ కోర్‌ను పక్కన పడేస్తాడు. పక్కశిలను చదివేవాడికి తదుపరి డ్రిల్లును ఏ దిక్కుకు తిప్పాలో తెలుస్తుంది. ఇలాంటి బంగారు నిక్షేపాల చుట్టూ చాలా చోట్ల ఆర్సెనిక్, యాంటిమొని, టెల్లూరియం కంటికి కనిపించే మార్పు అంచును దాటి కూడా విస్తరించి ఉంటాయి. అయితే ఆర్సెనిక్ ఒక్కదాన్నే నమ్మడానికి నా మనసు ఒప్పదు, బంగారం లేకుండా అది పెరిగిన చోట్లూ ఉంటాయి. పొటాషియం, గంధకం, కార్బన్ డయాక్సైడు, ఆర్సెనిక్ ఒకే దిక్కున కలిసి పెరిగితేనే అది నమ్మదగిన గుర్తు.

సాయంత్రం మస్కి వెళ్లి అశోకుని శాసనం చూశాను. రాజును అశోకుడనే పేరుతో పేర్కొన్న ఆ శాసనాన్ని 1915లో గుర్తించింది సి. బీడన్ అనే బంగారు గనుల ఇంజినీరు.

శనివారం, రాయచూరు

బయలుదేరే ముందు లాడ్జి గదిలో సంచులు సర్ది, ప్రయోగశాలకు పంపే కాగితాలు రాశాను. ఇక్కడ చేసే ఎంపికే వారమంతా పడ్డ శ్రమను నిలబెడుతుంది లేదా చెడగొడుతుంది. నాలుగు ఆమ్లాలతో కరిగించే పద్ధతి చవకైనది, చాలా మూలకాలకు సరిపోతుంది కూడా, కాని జిర్కోనియాన్ని పట్టి ఉంచే జిర్కాన్ రేణువులు అందులో పూర్తిగా కరగవు. జిర్కోనియం తక్కువగా వచ్చి, కదలని కొలబద్దే తప్పుడుదవుతుంది. అందుకే లిథియం బోరేటుతో కరిగించి గాజుబిళ్ల చేసే పద్ధతే కావాలని రాశాను. కార్బన్ డయాక్సైడు, గంధకం విడివిడిగా కొలవాలి. కాల్చినప్పుడు తగ్గిన బరువును చూసి వాటిని అంచనా కట్టడం ఈ శిలలకు నప్పదు, ఎందుకంటే వేడికి ఇనుము ఆక్సిజన్‌ను పీల్చుకొని బరువు పెరుగుతుంది.

పొడి చేసే మరకూ షరతు పెట్టాను. టంగ్‌స్టన్ కార్బైడు పాత్రలో రుబ్బితే పొడిలోకి టంగ్‌స్టన్, కోబాల్టు చేరతాయి. షీలైట్ ఉన్న హట్టి రాళ్లలో నేను వెతుకుతున్న మూలకాల్లో టంగ్‌స్టన్ కూడా ఉంది. ఉక్కు పాత్రలో రుబ్బితే కొంత ఇనుము, క్రోమియం చేరవచ్చు, కాని ఇనుము నిండుగా ఉన్న ఈ రాళ్లలో ఆ కొంచెం ఇనుము లెక్కలోకి రాదు, క్రోమియం అంకెల మీద నేను ఆధారపడటం లేదు. హట్టి సంచుల మీద ఉక్కు పాత్ర అని పెద్ద అక్షరాలతో రాశాను. జొన్నగిరి సంచులను వేరే పెట్టెలో పెట్టి, మారని గ్రానోడయొరైట్ నమూనాను ఆ వరుసలో మొదటి నంబరుగా ఇచ్చాను.